పొన్నూరు దేవుడి పేరు

మా మరిది సాంబమూర్తి సైన్యం నుంచి ఇంటికొచ్చిన రోజున మా అత్త పున్నమ్మ అతన్ని చచ్చిపోయిన అన్న పేరు పెట్టి పిలిచింది. "భావనారాయణా, వచ్చావా నాయనా" అంది. అతను ట్రంకుపెట్టె అరుగు మీద దించి, "వచ్చానమ్మా" అన్నాడు. నేను కాళ్ళకి నీళ్ళివ్వడానికి చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ చచ్చిపోయిన అన్న నా మొగుడు.

పేరు నేను అనలేదు, అత్త అంది. ఈ కథలో ఆ పేరు ఎక్కడొచ్చినా వేరేవాళ్ళ నోటే వస్తుంది. మొగుడి పేరు పెళ్ళాం నోట రాకూడదు, వస్తే ఆయనకి ఆయుష్షు తరిగిపోతుందని మాకు చిన్నప్పుడే నూరిపోశారు. నేను పొరపాటున కూడా అనలేదు. అయినా ఆయన పెళ్ళయిన నాలుగో ఏట విషజ్వరంతో పోయాడు. ఈ సంగతి ఆ ఆచారం పెట్టినవాణ్ణి నిలదీసి అడగాల్సిందే గాని, వాడెక్కడ దొరుకుతాడు.

అది నలభై ఆరు ఎండాకాలం. యుద్ధం అయిపోయి సిపాయిలు ఊళ్ళకి తిరిగొస్తున్నారు. మా సాలెల వీధి చల్లపల్లికి ఇవతల, కాలవ గట్టున. నూలు మీద కంట్రోలు వచ్చినప్పటి నుంచీ వీధిలో సగం మగ్గాలు మూలపడ్డాయి. ఎండాకాలం కాబట్టి కాలవ కట్టేశారు. మగ్గాల చప్పుడూ లేక, నీళ్ళ చప్పుడూ లేక, మధ్యాహ్నం పూట వీధిలో పిల్లి నడిచినా వినపడేది.

సాంబమూర్తి అన్న పేరుతో సైన్యంలో చేరడంలో రహస్యమేమీ లేదు, వీధంతా ఎరిగిందే. మా ఆయన ఎనిమిదో తరగతి ప్యాసయ్యాడు. తమ్ముడు ఐదుతో ఆపేసి మగ్గం గుంటలో దిగాడు. ఎనిమిది ప్యాసైనవాడికి తుపాకీ ఇవ్వరు, సామాన్ల గోడౌన్లో పని ఇస్తారని బెజవాడలో ఎవరో చెప్పారట. అప్పటికి అన్న పోయి ఆర్నెల్లు. ఇంట్లో నూలు లేదు, గింజలు లేవు. "అన్నయ్య సర్టిఫికెట్టు ఇస్తావా వదినా, వాడికింక దాంతో పనేముంది" అన్నాడు. పెట్టెలోంచి నేనే తీసిచ్చాను. పాత చొక్కా ఇచ్చినట్టే ఇచ్చాను.

తర్వాత ఉత్తరాలు రావడం మొదలైంది. ఉత్తరం చివర సంతకం ఏ పేరుతో ఉంటుంది, సైన్యంలో ఉన్న పేరుతోనే ఉంటుంది. బడిపంతులు చదివి పెడుతుంటే, "తమ కుమారుడు భావనారాయణ" అన్న మాట దగ్గర అత్త మొదటిసారి ఏడ్చింది. రెండోసారి కళ్ళు తుడుచుకుని మళ్ళీ చదవమంది. ఏడాది తిరిగేసరికి, "ఉత్తరాలు రాస్తున్నవాడికి తద్దినం ఏమిటే, తప్పు" అని తద్దినం మాన్పించేసింది. మా అత్తకి మతి పోయిందనుకునేరు. వీధిలో ఎవరింట్లో ఏం కూర వండారో వాసనపట్టి చెప్పగలిగిన మనిషి. ఈ ఒక్క విషయంలో మాత్రం తెలిసీ తెలియనట్టు ఉండిపోయింది.

మరిది వచ్చిన వారానికే ఏదో తేడాగా ఉందని నాకనిపించింది. ఒకప్పుడు అతను ఎక్కడ కంచం పెడితే అక్కడ కూర్చునే రకం. ఇప్పుడు తిన్నగా వెళ్ళి మా ఆయన కూర్చునే గోడవారనే కూర్చుంటున్నాడు. ముందు ఉప్పురాయి నాలిక్కి తగిలించుకుని ఆ తర్వాతే అన్నం కలుపుతున్నాడు. అదీ ఆయన అలవాటే. అత్త ఆ పక్కనే విసనకర్రతో కూర్చుని, వాడు చిన్నప్పుడు ఎంత చక్కగా చదివేవాడో, ఎంత నెమ్మదస్తుడో చెప్పుకొచ్చేది. చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. అక్కడ బతికున్నవాడు కూర్చుని వింటూ ఊఁ కొడుతున్నాడు. అన్నదమ్ములన్నాక పోలికలుండవా అని సర్దుకున్నాను.

ఒకరోజు పెరట్లో అతను తాడు పేనుతున్నాడు. "సాంబమూర్తీ, చేంతాడు తెగింది చూడు" అన్నాను. తిరగలేదు. దగ్గరికెళ్ళి మళ్ళీ పిలిచాను. నన్ను కాదన్నట్టు పేనుకుంటూనే ఉన్నాడు. అప్పుడు వంటింట్లోంచి అత్త, "భావన్నా" అంది.

"ఆఁ" అని పలికారు. మగ్గం గదిలోంచి.

నా ఎదురుగా ఉన్న సాంబమూర్తి ఆ తర్వాత తలెత్తి, "ఆఁ, వస్తున్నానమ్మా" అన్నాడు. అని నా మొహం చూశాడు. చేతిలో తాడు కింద పెట్టాడు.

"నీకూ వినపడిందా వదినా?" అన్నాడు. "హమ్మయ్య. ఇన్నాళ్ళూ నాకే మతి చలించిందనుకుంటున్నాను."

ఆ సాయంత్రం ఎండు కాలవలో చెలమ తవ్వుతూ చెప్పుకొచ్చాడు. కాలవ కట్టేసినప్పుడు ఇసకలో గొయ్యి తీసి, ఊరిన నీళ్ళు ముంచుకోవడం మాకు ఏటా ఉన్నదే. అతను తవ్వుతున్నాడు, నేను బిందె పట్టుకుని గట్టు వాలులో కూర్చున్నాను.

"అక్కడ తెల్లారగానే వరసల్లో నిలబెట్టి పేర్లు పిలుస్తారు వదినా. పిలవగానే హాజరనాలి. మొదట్లో అన్నయ్య పేరు పిలిస్తే నాక్కాదనుకునేవాణ్ణి, హవల్దారు బూతులు తిట్టేవాడు. తర్వాత అలవాటైపోయింది. అస్సాం వెళ్ళాక, నేను నోరు తెరిచేలోపలే నా వెనక ఎవరో హాజరనటం మొదలెట్టారు."

"వెనక నిలబడ్డవాడెవడో ఆకతాయి అయ్యుంటాడు."

"పొడుగువాణ్ణని నన్ను చివరి వరసలో నిలబెట్టేవాళ్ళు. నా వెనక ఎవరూ ఉండరు."

పార ఆపి కాసేపు ఊరుతున్న నీళ్ళకేసి చూశాడు.

"ఒకరోజు కడుపునొప్పొచ్చి చెట్లలోకి పోయాను. ఈలోపల లారీలో వెళ్ళాల్సినవాళ్ళని పిలిచారు. నేనొచ్చేసరికి లారీ లేదు. తిడతారని దాక్కున్నాను. దార్లో ఆ లారీ మీద బాంబు పడింది వదినా. ఒక్కడు మిగల్లేదు. సాయంత్రం నన్ను చూసి హవల్దారు చేతిలో పళ్ళెం జారవిడిచాడు. నువ్వు పలికావు, నా కళ్ళముందే లారీ ఎక్కావు అంటాడు."

నేను బిందె అందిస్తే ఊరిన నీళ్ళు ముంచాడు.

"అన్నయ్య ఎక్కాడు. నా బదులు. అప్పట్నుంచీ నన్ను వదల్లేదు. చెడుపు చేస్తున్నాడని కాదు వదినా, వాడెందుకు చేస్తాడు. కానీ నాకు రోజురోజుకీ చోటు తగ్గిపోతోంది. సాంబా అంటే ఎవరినో అనుకుంటున్నాను. నిన్న అద్దంలో చూసుకుని, వీడు అన్నయ్యలా లేడేంటి అనుకున్నాను. ఇంకొక్క ఏడాది ఇలాగే నడిస్తే నేనుండను. ఇంట్లో అన్నం తినేది వాడే."

"అయితే ఏం చేద్దామంటావు?"

"సైన్యం రికార్డులో వాడి పేరు కొట్టేసి నా పేరు రాయమని అర్జీ పంపాను. ఆ పేరుతో పిలిచే చోటు ఉన్నంతకాలం వాడు పలుకుతూనే ఉంటాడు. వాడికీ విశ్రాంతి ఉండాలిగా."

నాకు భయం వేయాల్సింది, వేసింది కూడా. కానీ అంతకంటే ముందు కుళ్ళు పుట్టింది. ఆయన తల్లికి పలుకుతున్నాడు, తమ్ముడి పక్కన పలికాడు, ఊరూ పేరూ తెలియని హవల్దారుకి కూడా పలికాడు. నాకు మాత్రం పలకలేదు. ఎలా పలుకుతాడు, నేను పిలిస్తే కదా.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మరిది నూలు కోసం సొసైటీకి వెళ్ళాడు. అత్త వీధరుగు మీద చెంగు పరుచుకుని నిద్రపోతోంది. నేను వసారాలో బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. మగ్గం గదిలో, నేతలో నూలు అటూ ఇటూ ఆడించే నాడెతో కర్ర మీద కొట్టిన చప్పుడైంది. టక్, టక్.

అది నన్ను పిలవడం. కొత్త కాపురంలో తల్లి ఎదుట పెళ్ళాన్ని కేకేయడానికి ఆయనకి మొహమాటం. నాడెలో నూలు అయిపోతే కర్ర మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. నేను నూలు చుట్టిన కండెలు పట్టుకుని వెళ్ళేదాన్ని. ఒక్కోసారి నాడెలో నూలు నిండా ఉండగానే కొట్టేవాడు, అది వేరే సంగతి.

నా కాళ్ళు వాటంతట అవే లేచాయి. చూసుకునేసరికి కండెల బుట్ట చేతిలో ఉంది, మగ్గం గది గుమ్మంలో ఉన్నాను. గుంటలో ఎవరూ లేరు. మగ్గం మీద పడుగు లేదు, ఒట్టి కర్రలే. గుడ్డలో చుట్టి దూలం మీద పెట్టిన నాడె మాత్రం కింద కర్ర మీద ఉంది. అప్పుడే చెయ్యి తీసినట్టు కొంచెం కొంచెం ఊగుతోంది. బయట నిప్పులు చెరిగే ఎండ. గది మాత్రం చల్లగా, గుంటలో నీళ్ళు చిలకరించినట్టు మట్టివాసన వస్తోంది.

బుట్టలో కండెలన్నీ ఖాళీవి. ఏం చేయాలో తోచక ఒక ఖాళీ కండె తీసి నాడె పక్కన పెట్టాను. "నూలు లేదండీ, కంట్రోలు పెట్టారు" అన్నాను. ఆయన వెళ్ళాక వచ్చింది కంట్రోలు, ఆయనకి తెలియదు మరి. నాడె ఊగడం ఆగింది. ఆయనకి ఏదైనా నచ్చచెబితే అలాగే ఊరుకునేవాడు. నేను అక్కడే గుమ్మానికి ఆనుకుని ఏడ్చాను. భయంతో కాదు. ఇంకా కొట్టమని అడగాలనిపించి ఏడ్చాను.

రోహిణి కార్తెలో సైన్యం నుంచి జవాబు వచ్చింది. ఇద్దరన్నదమ్ముల్నీ ఎరిగిన సొంత మనిషి ఎవరైనా బెజవాడ ఆఫీసుకి వచ్చి, పోయినది ఎవరో, ఉన్నది ఎవరో నోటితో సాక్ష్యం చెప్పాలట. మామూలుగా అయితే మునసబు రాసుకున్న చావు లెక్క చాలు. మా ఊళ్ళో ఆ జ్వరాల ఏడు మునసబు కూడా మంచాన పడ్డాడు, లెక్క రాసినవాడు లేడు.

అత్తని అడిగాడు మరిది. అత్త ఆకు నమలడం ఆపి, "నా కొడుకు లేడని నేను చెప్పను" అంది.

"నేను కూడా నీ కొడుకునే కదమ్మా" అన్నాడతను.

అత్త చేట ఒళ్ళోకి లాక్కుంది. చేటలో ఉన్న కందిపప్పు మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. అతని మొహం చూడలేక నేను, "నేను వస్తాను పద" అన్నాను. అత్త నాకేసి చూసి, "పోయిరా. ఒకసారి పోయాడు, నువ్వెళ్ళి రెండోసారి పంపించు" అంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. పాపం ఆవిడ మాత్రం ఏం చేస్తుంది. రోజూ పిలిస్తే పలుకుతున్న కొడుకుని ఎవరు వదులుకుంటారు.

బొగ్గుతో నడిచే బస్సులో బెజవాడ వెళ్ళాం. ఉయ్యూరు దాటేదాకా బస్సు పక్కనే ఎండిన కాలవ. కిటికీ పక్కన నేను, ఇవతల చివర సాంబమూర్తి, ఇద్దరి మధ్యా చోటు. బస్సు కిక్కిరిసి జనం నిలబడి ఉన్నారు. ఆ ఖాళీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు. ఒకావిడ కూర్చోబోయి, చంకలో పిల్లవాణ్ణి సర్దుకుని, "మనిషున్నారేమో అనుకున్నా" అని నిలబడే ఉండిపోయింది.

ఆఫీసు గవర్నర్‌పేటలో ఒక పెంకుటిల్లు. గుమాస్తా పేరు కృపానందం. కాగితాల మీద రాళ్ళు పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ మంచిగానే మాట్లాడాడు. దొంగపేరుతో చేరినందుకు జైలు పడుతుందేమోనని సాంబమూర్తి వణుకుతుంటే, "యుద్ధంలో సరైన పేరు, సరైన వయసు చెప్పి చేరినవాళ్ళని లెక్కపెట్టటం తేలికండీ" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మీ ఆయన్ని బయట ఉండమనండమ్మా. సాక్షి ఒంటరిగా చెప్పాలి" అన్నాడు.

నా నుదుట బొట్టు లేదు, చేతికి గాజులు లేవు. మా వీధిలో పసిపిల్లయినా నన్ను చూసి సంగతి చెబుతుంది. ఆయన కిరస్తానీ. వాళ్ళింట్లో ఆడవాళ్ళ నుదురు ఎప్పుడూ ఇలాగే ఉంటుంది కాబట్టి ఆయనకి నాలో ఏమీ లోటు కనపడలేదు. అంతకాలానికి నన్నొక మొగుడున్న మనిషిలా చూసినవాడు ఆయనొక్కడే. ఒక్క క్షణం దిద్దాలనిపించలేదు.

"ఆయన మా మరిదండీ" అన్నాను. సాంబమూర్తి బయటికి వెళ్ళాడు.

"పోనీయండి. ఆయన పేరేంటి?"

"సాంబమూర్తండీ."

"ఆయన అన్నగారు?"

"మా ఆయనండీ. కాలం చేశారు."

కృపానందం అప్పుడు నా నుదుటికేసి చూసి, చూపు దించుకున్నాడు. "క్షమించాలమ్మా. వారి పేరు?"

కాసేపు చూసి మళ్ళీ అడిగాడు.

"నేను చెప్పకూడదండీ. పొన్నూరు దేవుడి పేరేనండీ."

"గుణదల చర్చికి అవతల నాకు దేవుళ్ళెవరూ తెలియరమ్మా" అన్నాడు, నెమ్మదిగానే. "నాకు తెలిసినా లాభం లేదు. మీ నోటితో మీరు చెప్పిందే రాయాలి. మాకున్న కాగితాల్లో సాంబమూర్తి అనే మనిషే లేడు. మీరు చెబితేనే ఉంటాడు."

"ఆయుష్షు తరుగుతుందంటారండీ."

"పోయారంటున్నారు కదమ్మా. ఇంక తరిగేదేముంది?"

నిజమే. అక్కడే పట్టుకుంది నన్ను. ఇన్నేళ్ళూ ఆ పేరు అనకుండా నేను కాపాడుతున్నది ఏమిటో ఆ కుర్చీలో కూర్చునేదాకా నాకే తెలియదు. అత్త పిలిచి అట్టిపెట్టుకుంది, నేను పిలవకుండా అట్టిపెట్టుకున్నాను. ఇద్దరం కలిసి ఆయన్ని కదలనివ్వలేదు, మధ్యలో సాంబమూర్తి అరిగిపోతున్నాడు. అదంతా అర్థమై కూడా నోరు రాలేదు. మామూలుగా చెబుదామని నోరు తెరిచాను. తీరా బయటికొచ్చింది పిలుపు. పెరట్లో ఉన్న మనిషికి వినపడేలా పిలిచినట్టు ఆయన పేరు పిలిచాను.

"ఆఁ" అన్నాడు.

వరండాలోంచి, కిటికీకి దగ్గరగా. పనిలో ఉండి పలికితే ఎలా ఉంటుందో అలా.

కృపానందం కలం ఆపాడు. "బయట ఉన్నాయన పలికారు" అన్నాడు. గొంతులో మంచితనం తగ్గింది. "ఆ పేరు తనది కాదంటారు, పిలిస్తే పలుకుతారు. ఇదేంటమ్మా?" అని లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. నేనూ లేచాను.

వరండాలో బల్ల ఖాళీగా ఉంది. సాంబమూర్తి రోడ్డవతల సోడాబండి దగ్గర, మాకు వీపు పెట్టి నిలబడి సోడా తాగుతున్నాడు. మధ్యలో ఒక జట్కా వెళ్ళింది, ఒక లారీ వెళ్ళింది. ఎండలో వరండా అంతా తెల్లగా మెరుస్తోంది, మనిషి దాక్కోవడానికి స్తంభం కూడా లేదు. కృపానందం చాలాసేపు చూశాడు. చెయ్యి నుదుటి దాకా వెళ్ళి, గుండెల మీదకి వచ్చి ఆగింది. తిరిగొచ్చి కూర్చున్నాడు.

"పోయినది?" అన్నాడు, తలెత్తకుండా.

"ఇప్పుడు చెప్పిన ఆయనేనండీ."

"ఉన్నది?"

"సాంబమూర్తండీ."

రాసుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. నేను వేలిముద్ర వేసి వరండాలోకి వచ్చి ఆ బల్ల మీద కూర్చున్నాను. పక్కన ఒక మనిషికి చోటు వదిలి కూర్చున్నాను. ఏమీ జరగలేదు. సాంబమూర్తి రోడ్డు దాటి వచ్చేదాకా అలాగే ఉన్నాను. తిరుగు బస్సులో మా ఇద్దరి మధ్యా ఒక లావుపాటి ఆసామి నిమ్మకాయల బస్తాతో సహా దర్జాగా కూర్చున్నాడు. ఊరొచ్చేదాకా నేను కిటికీలోంచి మొహం తిప్పలేదు.

కాలవకి నీళ్ళు వదిలిన వారంలో సైన్యం నుంచి కాగితం వచ్చింది, మరిది పేరు మీద. పోస్టుమాన్ వీధిలోంచి, "సాంబమూర్తి ఎవరండీ" అని కేకేస్తే అతను మొదటి పిలుపుకే లేచి వెళ్ళాడు. కాగితం నాకు చూపించి, మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకుని, కాలవ చూసొస్తానని చిన్నపిల్లాడిలా పరిగెత్తాడు. అతన్నలా చూసి చాలా ఏళ్ళయింది. నాకు నిజంగా సంతోషమేసింది.

అత్త మగ్గం గది గుమ్మంలో కూర్చుని ఉంది. నేను బెజవాడ నుంచి వచ్చినప్పటి నుంచీ రోజూ అక్కడే కూర్చుంటోంది. లోపలికి పిలవడం, చెవి ఒగ్గడం. ఎవరూ పలకడం లేదని నాకు తెలుసు. తప్పుకు తిరుగుతున్నాను. ఆరోజు ఆవిడే పిలిచి పక్కన కూర్చోమంది.

"రత్తమ్మా, అక్కడ నువ్వు పేరు చెప్పావా?"

"చెప్పానత్తా. పిలిచాను."

"పలికాడా?"

అబద్ధం చెప్పాలనుకున్నాను. చెప్పలేకపోయాను. "పలికాడత్తా."

అత్త తిడుతుందనుకున్నాను. చెంగుతో మొహం తుడుచుకుంది.

"గొంతెలా ఉందే?" అంది. "చివరి రోజుల్లో జ్వరానికి గొంతు పడిపోయింది కదే. నాకిక్కడ పలికినప్పుడల్లా ఆ గొంతే. లోపల్నుంచి ఈడ్చుకుని పలికేవాడు. పాపం, పలకడానికి కష్టపడుతున్నాడని తెలిసి కూడా పిలిచేదాన్ని."

"అలా లేదత్తా" అన్నాను. "బాగుంది. పనిలో ఉండి పలికినట్టు పలికాడు."

"నీరసంగా లేదూ?"

"లేదత్తా."

"జ్వరం మాట కాదుగా?"

"కాదు. మామూలుగా ఉంది. నా మీద ఒట్టు."

అత్త తల ఊపింది. గుమ్మం పట్టుకుని లేచి, మగ్గం గది తలుపు దగ్గరగా వేసింది. పంతులుగారిని అడిగి వాడి తిథి ఎప్పుడొస్తుందో చూడమంది. వంటింట్లోకి వెళ్ళి కంచం పెట్టి, కాలవ గట్టు వైపు తిరిగి, చిన్న కొడుకు పుట్టి ఇన్నేళ్ళయినా నేనెన్నడూ విననంత గట్టిగా కేకేసింది.

"సాంబా, అన్నానికి రారా."

"వస్తున్నా" అని గట్టు మీద నుంచి వినపడింది. అత్తా నేనూ ఊపిరి బిగబట్టి ఇంకాసేపు విన్నాం. పలికింది ఆ ఒక్క గొంతే.